‘ముత్యాల నగరము’ : శబ్దార్థవిమర్శనము

హైదరాబాదు పాతనగరమునఁ జార్మినారునకు ఉత్తరముగాఁ బత్తర్‌గట్టి యను రాతికమానుల యంగడివీథి కలదు. అందలి యంగళ్ల పలకలపైఁ దఱచుగాఁ గాన్పించు బిరుదము ‘ముత్యాల నగరము’ అనునది. యాత్రికులకై వ్రాయఁబడిన పుస్తకములును, బాలుర పాఠములును దీనినే వల్లించుచున్నవి. బిరుద మెంత ప్రసిద్ధమో దాని యర్థ మంత యస్పష్టము. రత్నవణిజులు మేలైనదిగా నెన్ను ముత్యము సముద్రజాతము. హైదరాబాదునుండి సముద్రతీరము ఎంత దగ్గఱ త్రోవఁ జూచినను 250 కిలోమీటర్లకుఁ దక్కువ లేదు. మూసీనది 1908 నాఁటి వఱదకుఁ బ్రసిద్ధమే కాని ముత్యపుఁజిప్పలకుఁ బ్రసిద్ధము కాదు. అట్టియెడ ‘ముత్యముల నగరము’ అను షష్ఠీసమాసమున రెండు పదములకును గల సంబంధ మెట్టిది? షష్ఠ్యర్థములు నూటయొకటి యని మహాభాష్యమునఁ బ్రసిద్ధము. అం దేది యిక్కడ గ్రాహ్యమో చెప్పక బిరుదమును మాత్రము పఠించుట, వృత్తి లేక సూత్రమును బఠించుట వంటిది.

వాడుకలో రెండు సమాధానములు వినవచ్చుచున్నవి. నిజాముల ధనాగారమున ముత్యములు రాసులుగా నుండెఁ గావున నగరమున కీ పేరు గలిగెనని కొందఱు. ముత్యముల వ్యాపారము విస్తారముగా జరుగుటచేతఁ గలిగెనని మఱికొందఱు. ఈ రెండును అసత్యములు కావు, కాని చాలవు. ధనాగారమే కారణమైనచో ‘వజ్రముల నగరము’ అను పేరు ముందు రావలసియుండెను. గోలకొండకు వజ్రమువలనఁ గలిగిన కీర్తి దేశాంతరములఁ గూడ వ్యాపించినది. వ్యాపారమే కారణమైనచో నీ బిరుదము బొంబాయికిఁ జెల్లవలసియుండెను. 19వ శతాబ్దమునను, 20వ శతాబ్దపు మొదటిపాదమునను పారశీకసముద్రపు ముత్యములకు మహావిపణి బొంబాయియే. కావున హైదరాబాదునకు మాత్రమే చెల్లు విశేషకారణ మొకటి వెదకవలసియున్నది.

మొదట శబ్దమును జూడవలెను. సంస్కృతమున ముక్తాశబ్దము వినయాదిగణమునఁ జేరుటచే స్వార్థమున ఠక్ప్రత్యయము వచ్చి (5.4.34) మౌక్తికశబ్ద మేర్పడుచున్నది. స్వార్థికము గాన నీ ప్రత్యయ మర్థమున నేమియుఁ జేర్పదు. కాని తెలుఁగుపదము చరిత్రమునకు మాత్రము మిక్కిలి యుపకరించినది. మౌక్తికము ప్రాకృతమున ‘మోత్తిఅ’ యైనది. తెలుఁగున ముత్తియము, ముత్తెము, ముత్యము అను రూపములు ఆ ప్రత్యయము జాడను ఇకార యకారములలో నిలుపుకొన్నవి గావున, నవి మౌక్తికభవములే కాని కేవల ముక్తాభవములు కావు. తమిళమునందలి ‘ముత్తు’ అట్టిది కాదు. అది ముక్తకుఁ జేరునా, లేక ముత్తే మొదటిదై సంస్కృతమే దానిని సంస్కరించి గ్రహించెనా యను వివాదము భాషాశాస్త్రజ్ఞులలో నింకను దీఱలేదు. మఱి ‘ఆణిముత్యము’ అనునపుడు ముందుండు ఆణి తమిళ మెఱిఁగినవారికిని సుపరిచితమే. వస్తువు పేరు ఉత్తరపుఁ బ్రాకృతమునుండియు, దాని మేలితనమును జెప్పు పేరు దక్షిణపు విపణినుండియు వచ్చి తెలుఁగున నొకటిగా నతుకుకొన్నట్లున్నది. పత్తర్‌గట్టి వర్తకుఁడు ఉర్దూలో ‘మోతీ’ యనును. పెండ్లిసరుకులకై వచ్చిన నల్లగొండ గృహిణి ‘ముత్యము’ అనును. బేరమున నిరువురకును భేదము గలిగినఁ గలుగవచ్చును గాని, పదములు రెండును ఒక ప్రాకృతపదము సంతానమే.

ఇఁక జన్మవిషయము. పాఠశాలలలో ముత్యము పుట్టుకనుగూర్చి రెండు కథలు చెప్పఁబడుచున్నవి. స్వాతికార్తెలో రాలిన చినుకు చిప్పలోఁ బడి ముత్యమగునని తెలుఁగుపండితుఁడు చెప్పును. ఇసుకరేణువు చిప్పలోఁ జొచ్చి ముత్యమగునని ప్రక్క తరగతిలో విజ్ఞానశాస్త్రోపాధ్యాయుఁడు చెప్పును. మొదటిది కల్పన, రెండవది శాస్త్రము అని బాలురు గ్రహింతురు. రెండవదియు నించుమించుగఁ గవిసమయమే యని చెప్పువారు లేరు. ముత్యపుఁజిప్ప యిసుకయు ఱాళ్లును గల సముద్రపుఁదిప్పలపై నివసించునది. లోనికి వచ్చిన రేణువులను వెలికిఁ ద్రోయు శక్తి దానికి సహజముగాఁ గలదు. సహజముత్యములను బరీక్షించినవారికి నడుమ నిసుకరేణువు కానవచ్చుట మిక్కిలి యరుదు.

జరుగునది యిట్టిది. చిప్పలోపలి జీవి దేహమును గప్పుచుఁ బలుచని పొర యొకటి యుండును, దానిని బ్రావారమనవచ్చును. ఆ పొర వెలుపలిముఖమునఁ గల కణములే చిప్పను నిర్మించునవి. క్రిమి తొలుచుటచేతనో, మఱియే గాయముచేతనో ఆ కణములలోఁ గొన్ని స్థానము దప్పి లోపలి మాంసమునఁ జొచ్చుకొనిపోయినయెడల, అవి యచ్చట వృద్ధిఁ బొంది చిన్న సంచిగా నేర్పడును. స్థానము మాఱినను వాని పని మాఱదు. చిప్పలోపలివైపునకు మెఱుఁగు నిచ్చు పదార్థమునే యవి సంచిలోనికిఁ బొరపొరగా స్రవించుచుండును. ఆ పొరల ముద్దయే ముత్యము. సంచి చుట్టును సమముగా నున్నచో ముత్యము గుండ్రమగును. ఒకవైపు నొత్తిడి గలిగినచో వంకరయగును. పొరలలోని పదార్థము అరగొనైటు. అనఁగా సున్నపురాయి రూపవిశేషము. దాని పలకలొక్కొక్కటి మిల్లీమీటరులో నించుమించు 2000వ వంతు మందము గలవి. వానిని గలిపి పట్టియుంచునది కాంకియోలిన్ అను జాంతవపదార్థము. పలక మందము కాంతితరంగపు నిడివికి సమీపముగా నుండుటచేత, వేఱువేఱు పొరలనుండి మఱలివచ్చు కిరణములు ఒండొంటితోఁ గలిసి ముత్యమునకు ఆ నిగ్గు నిచ్చుచున్నవి.

ఇచ్చటఁ గవులకుఁ జెందవలసిన గౌరవము వారి కీయవలెను. అలంకారశాస్త్రమున లావణ్యమును నిర్వచించువారు, ముత్యమునందు లోపలినుండి తొలఁకాడు కాంతిని ఉపమానముగాఁ గైకొనిరి. ‘లోపలినుండి’ యనుట యథార్థము. గాజుపూస మెఱుపు పైపూఁత. ముత్యపు మెఱుపు పొరలలోనికిఁ బోయి వచ్చినది. జన్మవిషయమునఁ గల్పనఁ జేసినవారు కాంతివిషయమునఁ జక్కఁగాఁ జూచినారు. స్వాతిబిందువు కథను గూడఁ గవిపై దోషముగా నారోపింపరాదు. భర్తృహరి నీతిశతకమున, నేనుఁగు లక్ష్మణకవి తెలుఁగు సుభాషితములందు, నీటిచుక్క యినుముపై, తామరాకుపై, చిప్పలోఁ బడి మూఁడు గతులఁ బొందుటను జెప్పినది ఆశ్రయభేదమునఁ గలుగు గుణభేదమును జెప్పుటకే. అది దృష్టాంతము, ప్రమాణము కాదు. దృష్టాంతమును బ్రమాణముగా బోధించుట బోధకుని దోషము.

శాస్త్రకారులు కవులవలె నొక్క కథతోఁ దృప్తి నొందలేదు. ఏనుఁగు, పాము, శంఖము, మేఘము, వెదురు, చేప, పంది, చిప్ప యని యెనిమిది యాకరములను వరాహమిహిరుఁడు బృహత్సంహితలోఁ బరిగణించెను. పరిగణించియు శుక్తిజమే శ్రేష్ఠమనియు, సమృద్ధముగ లభించునదియు నదియే యనియుఁ జెప్పెను. అతనికంటెఁ బూర్వుఁడగు కౌటిల్యుఁడు శుక్తిని, శంఖమును జెప్పి, తక్కినవానిని బ్రకీర్ణకమని యొక్కమాటతో విడిచెను. కోశాధ్యక్షుఁడు మేఘముత్యమును బరీక్షించు పని కలుగదని యతఁ డెఱుఁగును.

హైదరాబాదునందు ముత్యము జన్మింపదు. అనఁగా ‘అక్కడఁ బుట్టినది’ యను తత్రజాతార్థము (4.3.25) ఈ బిరుదమునఁ బొసఁగదు. ‘అక్కడనుండి వచ్చినది’ యను తతఆగతార్థము (4.3.74) వేఱు. ఈ రెండర్థములను వేఱుచేసి చూచినచో ముత్యముల పేళ్లలోని చిక్కు చాలవఱకు విడిపోవును. కౌటిల్యుఁడు తామ్రపర్ణిక, పాండ్యకవాటక మొదలుగాఁ బేర్కొన్న ముత్యములు తద్ధితాంతనామములు. అవి యా యా తావులఁ బుట్టినవి. ‘బస్రా ముత్యము’ అట్టిది కాదు. బస్రా నదీతీరమునందలి విపణి. అచ్చటి పేరుఁ దాల్చిన ముత్యములు బహరైను మొదలగు పారశీకసముద్రపుఁ దిప్పలఁ బుట్టినవి. విపణి పేరితో విదేశములఁ బ్రసిద్ధికెక్కినవి. బస్రాయందుఁ జిప్ప దొరకదని యాక్షేపించి యా పేరును దిద్దఁబూనువాఁడు వ్యాకరణము నెఱుఁగనివాఁడు.

తెలుఁగుదేశమునకు ముత్యము దిగుమతివస్తువగుట క్రొత్త విషయము కాదు. కాకతీయ గణపతిదేవుఁడు క్రీ. శ. 1244లో మోటుపల్లి రేవున వేయించిన యభయశాసనమున, ఓడవర్తకులు చెల్లింపవలసిన సుంకములు నిర్ణయింపఁబడినవి. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, పగడము మున్నగువానితోఁ గూడ ముత్యము నందుఁ జేరియున్నది. ఓరుగంటి యంగళ్లలో ముత్యమును గొనినవాఁడు సముద్రమునకును, సుంకమునకును గలిపి మూల్యము చెల్లించినవాఁడే. అదే శతాబ్దపుఁ గడపట మార్కోపోలో పాండ్యతీరమున ముత్యములఁ దీయు విధమును, మోటుపల్లిసీమలో వజ్రములఁ దీయు విధమును వేఱువేఱుగ వర్ణించెను. తెలుఁగుసీమకు వజ్రము తత్రజాతము, ముత్యము తతఆగతము. ఈ విభాగ మాసఫ్‌జాహీల కాలమునఁ గూడ మాఱలేదు.

హైదరాబాదున కనుకూలించు నర్థము పాణిని మఱియొకచోటఁ జెప్పినాఁడు. ఒక దేశమునఁ జేయఁబడినది, లభించినది, కొనఁబడినది, ఆ దేశమున నేర్పరి యైనవాఁడు: కృత, లబ్ధ, క్రీత, కుశలములను నీ నాలుగర్థములను ఒక్క సూత్రమునఁ జేర్చినాఁడు (4.3.38). పుట్టుకతో వీనికిఁ బనిలేదు. ఉర్దూలో ‘హైదరాబాదీ మోతీ’ యనునపుడు చివరి ఈకారమును నిట్టి తద్ధితమువంటిదే. సంబంధము గలదని చెప్పును గాని యెట్టిదో చెప్పదు. ఈ నాలుగర్థములఁ బాతనగరమున నొక్కొక్కటిగాఁ జూడవచ్చును.

కృతార్థమునకు ఉదాహరణము ముత్యము కాదు, లాడ్‌బజారు లక్కగాజు. అది యచ్చటనే చేయఁబడునది.

లబ్ధార్థమునకు నిజాముల ధనాగార ముదాహరణము. కానుకలుగను నజరులుగను వచ్చినవియు, వంశక్రమమున సంక్రమించినవియు నందుఁ జేరినవి. అందలి నగలు 173 భారతప్రభుత్వముచే 1995లో దాదాపు 218 కోట్ల రూపాయలకుఁ గొనఁబడినవి. 2006లో సాలార్జంగు ప్రదర్శనశాలయందుఁ బ్రజలకుఁ జూపఁబడినవి. చూపఱు లెక్కువగా గుమిగూడునది జేకబు వజ్రముకడనే, అది 184.75 క్యారట్లది. విమర్శకుని దృష్టిలో దానికంటె విశేషమైనది ‘సత్లడా’ యను నేడుపేటల హారము. అందు బస్రాముత్యములు 465 కలవు. వజ్రమొక్కటి దొరకుట యదృష్టము. పరిమాణమునను, వర్ణమునను, కాంతియందును ఒండొంటితోఁ బొందు 465 సహజముత్యములను సమకూర్చుట యదృష్టముచేతఁ గాదు. ఎన్నియో చిప్పలఁ దెఱచి, ఎన్నియో ముత్యములఁ ద్రోసిపుచ్చి యేరినవారి కన్నులు దానికిఁ గావలెను. హారముల పేళ్లయందుఁ బ్రాచీనులకును నేకాభిప్రాయము లేదు: నక్షత్రమాలకు అమరసింహుఁడును వరాహమిహిరుఁడును 27 ముత్యములఁ జెప్పఁగా, కౌటిల్యుఁడు 27 పేటలఁ జెప్పెను. ‘సత్లడా’ యను పేరునందైన నట్టి సంశయమునకుఁ దావు లేదు.

క్రీతార్థమునకు ముత్యపు మూల్యక్రమము తెలియవలెను. ముత్యము వెల తూనికను బట్టి గాక తూనిక వర్గమును బట్టి పెరుగుట ప్రాచీనాచారము. రెండు గ్రెయినుల ముత్యమునకు వెల 4 భాగములైనచో, నాలుగు గ్రెయినుల ముత్యమునకు 16 భాగములు. రెండు చిన్నముత్యముల తూనిక యొక పెద్దముత్యమున కెత్తువచ్చినను, వెలలో సగమే పలుకును. గ్రెయిను క్యారటులో నాలవవంతు, 50 మిల్లీగ్రాములు. ఇంతటి చిన్న ప్రమాణమునఁ జేయి తప్పినను వెల వర్గరీతిని తప్పును. కావుననే ముత్యములఁ గొనుట వేఱు విద్య యైనది. ఈ విద్య బొంబాయిలోను గలదు గనుక నిదియు విశేషకారణము కాదు.

మిగిలినది కుశలార్థము. విమర్శకు నిలుకడ యిచ్చటనే. కౌటిల్యుఁడు ప్రశస్తమగు ముత్యమునకు గుణములఁ జెప్పుచు, స్థూలత్వము, వర్తులత్వము, కాంతి, శ్వేతత్వము, గురుత్వము, స్నిగ్ధత్వము అనువాని సరసనే ‘దేశవిద్ధము’ అను గుణమును జేర్చెను. తగినచోట బెజ్జము వేయఁబడినదని యర్థము. అతఁ డెన్నిన దోషములు పదుమూఁడు. వానిలోఁ గడపటిది ‘దుర్విద్ధము’. వ్యాఖ్యాతలు దీనిని ఒక్కమాటతో దాఁటిపోవుట వింతగా నున్నది. తక్కిన గుణములన్నియుఁ జిప్ప యిచ్చినవి; ఇది యొక్కటి మనుష్యుఁ డిచ్చినది. సముద్రముననే ముత్యము పూర్తియైనచో గుణములు సముద్రముననే ముగియవలసియుండెను. బెజ్జము పడిననే గాని ముత్యము పేటలోఁ జేరదని యర్థశాస్త్రకారుని యాశయము.

ఈ వేధము సులభము కాదు. దక్షిణదేశపు ప్రాఁతపద్ధతిలో, కొయ్యదిమ్మెలోని చిన్నగుంటలలో ముత్యముల నదిమి నిలుపుదురు. సన్నని యుక్కుసూదిని వింటివంటి కమానుతోఁ ద్రిప్పుచు, వేఁడి పుట్టకుండ నీటిచుక్కలు చిటికెనవ్రేలితో విడుచుచుందురు. ముత్యము వజ్రమువలెఁ గఠినము కాదు, అందువలననే యపాయము. పొరలు పెచ్చులుగా లేచును. సూది యొకవైపునుండి పోయి రెండవవైపు వెలువడునపుడు అంచు చిట్లును గాన, ఇరువైపులనుండి తొలిచి నడుమఁ గలుపుదురు. అక్షము రవంత తప్పినచో పేటలో ముత్యము వంకరగాఁ గూర్చుండును. నేర్పరి మొదటఁ జూచునది బెజ్జ మెచ్చట వేయవలెనని. ముత్యముపై మచ్చయో, గుంటయో యున్నచో దానిమీఁదనే సూది నిలుపును. దోషము బెజ్జములోఁ బడి పోవును. తప్పుచోట వేసినచో మచ్చయు నిలుచును, బెజ్జమును నిలుచును. ఆ తరువాతఁ జల్లెడలతోఁ బరిమాణములు వేఱుచేయుట, కాంతిని బట్టి జతపఱచుట, పట్టుదారమున గుచ్చుట యను పనులు. రఘువంశారంభమునఁ గాళిదాసు తనకుఁ బూర్వకవులతోఁ గల సంబంధమును జెప్పుటకు, వజ్రముచే ముందుగాఁ దొలువఁబడిన మణిలో దారము దూరుటను ఉపమానముగాఁ గొనెను. వినయమంతయు దారమునందున్నది, కష్టమంతయుఁ దొలిచినవానిది. గుచ్చుటను జెప్పు ధాతువునుండియే గ్రంథశబ్దమును, దారమునకుఁ బేరగు సూత్రశబ్దమే వ్యాకరణసూత్రమునకును వచ్చుటచేత, పండితులకు దారము కనఁబడినంతగా బెజ్జము కనఁబడలేదు కాఁబోలు. గురజాడ యప్పారావు తన ఛందస్సునకు నిడిన పేరును ‘ముత్యాల సరములే’.

ఈ వేధగుంఫనముల పనివారు తరతరములుగాఁ బాతనగరమును ఆశ్రయించి బ్రతికిరి. నవాబుల యిండ్లలో నగలకుఁ గొఱఁత లేకుండుటచేత ముత్యములఁ దొలుచుట, తెగిన పేటలను మరలఁ గూర్చుట వారికి నిత్యకృత్యమైనది. 1949లో జాగీరులు రద్దయిన పిదప కొనువారు మాఱిరి, పని నిలిచినది. సముద్రము లేని యూరికి ముత్యాల బిరుదము చెల్లుట కిదియే విశేషకారణము. అది తత్రజాతార్థమునఁ గాక కుశలార్థమున నిలిచిన బిరుదము.

ఈ యర్థమును గ్రహించినచో నేఁటి యాక్షేప మొకటి తానే తొలఁగును. 1893లో జపానున మికిమోతో యర్ధగోళాకారపు ముత్యమును బెంచెను. పిమ్మట 20వ శతాబ్దపు మొదటిపాదమున గుండ్రని ముత్యములును వచ్చినవి. వీనిరాకచేతను, 1929 తరువాతి యార్థికమాంద్యముచేతను పారశీకసముద్రపు ముత్యవృత్తి కూలిపోయినది. మనదేశమున 1973లో తూత్తుకుడియందు సముద్రమత్స్యపరిశోధనసంస్థవారు పెంపుడుముత్యమును సాధించిరి. నేఁడు పత్తర్‌గట్టిలో విక్రయింపఁబడువానిలో నధికభాగము చైనాదేశపు మంచినీటి చిప్పలలోఁ బెంపఁబడినవి. వీనిని ‘కృత్రిమము’లనియు, నగరపు బిరుద మిఁక మిథ్య యనియు నాక్షేపించువారు కలరు. ‘కృత్రిమము’ అను పదమే యిచ్చట దుష్టప్రయోగము. పెంపుడుముత్యమున మనుష్యుఁడు చేయునది యింతే: వేఱొక చిప్పనుండి తీసిన ప్రావారపుఁదునకను, ఉప్పునీటి చిప్పలయందైనచో నొక పూసతోఁ గూడ, లోపల నిలుపును. సంచి కట్టునదియుఁ, బొరలఁ బోయునదియుఁ జిప్పయే. ప్రకృతిలో గాయము చేయు పనిని నిచ్చట కత్తి చేసినది. కృత్రిమమనఁదగినది గాజుపూసపైఁ జేపపొలుసుల మెఱుఁగు పూసినది. ఆ మోసము ప్రాచీనులకును దెలియును; సందేహము గలిగినచో నూనెయు నుప్పును గల వేఁడినీట రాత్రియంతయు నుంచి, వడ్లతో రుద్ది చూడవలెనని గరుడపురాణము పరీక్షను విధించినది. పెంపుడుముత్య మా పరీక్షకుఁ గుంగదు. సహజమా, పెంపుడా యను నిర్ణయము ఎక్సురేలచే లోపలి పొరలఁ జూచి చేయవలసినది. వెల యందువలన మాఱును గాని జాతి మాఱదు. తత్రజాతార్థమే లేని బిరుదమునకు, చిప్ప పెరిగినది బహరైను తీరముననా, చైనా చెఱువుననా యను భేదమువలన హాని లేదు.

హాని మఱియొకవైపునుండి కలదు. యంత్రములచే ముందే తొలువఁబడి, తాత్కాలికపుఁ బేటలుగాఁ గట్టఁబడి వచ్చు ముత్యములకు దేశవిద్ధత్వము దేశాంతరముననే కలిగియుండును. మచ్చను జూచి సూది నిలుపు పని వానికి మిగులదు. ముడి తీసి మరల గుచ్చుట యొక్కటి మిగులును. పాతనగరపు కొయ్యదిమ్మెకడఁ గూర్చుండువారి పిల్లలు వేఱు వృత్తులకుఁ బోవుచుండఁగాఁ, బలకలపై బిరుద మింకను బెద్దయక్షరములతో వ్రాయఁబడుచున్నది. ఆ సూదియు నాఁగిపోయినచో నగరమునకు మిగులునది క్రీతార్థ మొక్కటియే. అది బొంబాయికిని సమానము.